కోకాపేటలో పొగలేని బోనం

ఆషాఢంలో ఒక ఆదివారం ఉదయం ఏడింటికి మదీనాగూడలో బస్సెక్కాను. సంచిలో కొత్త కుండ, వేపమండలు, కర్పూరం పొట్లం. చంకలో ఎండుపుల్లల మూట. ఆ మూట నన్నెవరూ తెమ్మనలేదు. మా మరిది శ్రీను పాత డబ్బాలతో ఒక పొయ్యి చేశాడనీ, అందులో కట్టెలే మండుతాయి గానీ పొగ రాదనీ చెల్లెలు స్వరూప ఫోన్లో చెప్పింది. కట్టె అన్నాక పొగ రాకుండా ఎలా ఉంటుంది? నేను బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరైన మనిషిని. పాసు ఉందంటూ ఉత్తుత్తినే జేబులు తడుముకునేవాళ్ళను ఎంతమందిని చూశానో. శ్రీను మాట కూడా నాకు అలాగే వినిపించింది.

కానీ సంగతి చిన్నది కాదు. స్వరూప అత్త లచ్చమ్మ ఏటా కట్టెలపొయ్యి మీద కొత్త కుండలో నైవేద్యం వండి పోచమ్మకు బోనం ఎత్తుతుంది. వాళ్ళ జొన్నచేను ఉన్నచోటే ఇప్పుడు వాళ్ళుండే అపార్టుమెంటు నిలబడింది. పొగ వస్తుందని నిరుడు అసోసియేషన్ వాళ్ళు కట్టెలపొయ్యి పెట్టనివ్వకపోతే గ్యాసు మీద వండారు. ఆ కుండను ముసలావిడ ముట్టనే లేదు, స్వరూపే ఎత్తింది. ఈసారీ గ్యాసే అయితే గుడికే రానని తెగేసి చెప్పింది. శ్రీను బతిమాలితే సెక్రటరీ గారు ఒక్క అవకాశం ఇచ్చారట. పొగ కనబడితే మాత్రం ఇక ఎప్పుడూ అడగొద్దన్నారట.

లింగంపల్లిలో దిగి బండి దగ్గర ఇడ్లీ తిని, గచ్చిబౌలి మీదుగా కోకాపేట పోయే బస్సు పట్టుకున్నాను. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం, సున్నా టికెట్టే. అయినా ఆ కండక్టరమ్మ నా ఆధార్ కార్డునూ నా మొహాన్నీ మార్చి మార్చి చూసింది. నాకు ముచ్చటేసింది. పక్క సీట్లో కూర్చున్న ఐటీ ఉద్యోగం అమ్మాయి పుల్లల మూట చూసి, "క్యాంపింగ్‌కా ఆంటీ?" అంది.

"బోనానికి. అపార్టుమెంట్ల వండాలె."

"ఫైర్ అలారం మోగదాండీ?"

నాకు ఆ ఆలోచనే రాలేదు. గచ్చిబౌలి దాటి అద్దాల మేడలు వెనక్కి పోతున్నంతసేపూ నా మనసులో అలారం మోగుతూనే ఉంది.

కోకాపేటలో దిగి షేర్ ఆటోలో గేటు చేరేసరికి తొమ్మిది దాటింది. సెక్యూరిటీ అతను నన్ను వదిలి పుల్లల్ని పట్టుకున్నాడు. "ఇవేందమ్మా? కట్టెలు లోపటికి పోనియ్యం." శ్రీను వచ్చి నచ్చచెబితే గానీ వదల్లేదు.

టవర్ వెనక, ప్రహరీ పక్కన ఆరుబయట ఉంది పొయ్యి. పెద్ద రంగు డబ్బా లోపల చిన్న పాలపొడి డబ్బా. పెద్దదానికి కింద పక్కల గాలి పోయే రంధ్రాలు. చిన్నదానికి అడుగున రంధ్రాలు, అంచు కింద చుట్టూ ఇంకో వరస రంధ్రాలు. నేను వంగి కింద చూశాను, వెనక చూశాను. గ్యాసు పైపు ఎక్కడా లేదు.

"ఏం దేవులాడుతున్నవ్ వదినా?"

"సిలిండర్ ఏడ దాచినవ్?"

శ్రీను నవ్వి, డబ్బా నిండా కట్టెముక్కలు పేర్చి పైన ముట్టించాడు. పొయ్యిని కింద ముట్టిస్తారు గానీ నెత్తిన ముట్టిస్తారా? కాసేపటికి అంచు చుట్టూ ఉన్న రంధ్రాల దగ్గర మంటలు లేచాయి, గ్యాసు పొయ్యిలాగే. కట్టె వేడికి వదిలే పొగే ఇక్కడ గ్యాసట. అది బయటికి పోకముందే పైరంధ్రాల గాలి తగిలి మండిపోతుందట. నేను పొగ కోసం ఆకాశంలోకి చూశాను. లేదు. ఎక్కడో మోసం ఉందనే అనుకున్నాను.

లచ్చమ్మ నేను తెచ్చిన కుండకు పసుపు పూసి, స్వరూప అందించిన పాలు పోసి పొయ్యిమీద పెట్టింది. పాలు పొంగాక బియ్యం, బెల్లం. "దీన్ని మాత్రం ముట్టకుండ్రి" అని చెప్పి శ్రీను నీళ్ళకు వెళ్ళాడు. ఇంకా పాలు పొంగనేలేదు, మంట కొంచెం తగ్గినట్టు అనిపించింది. కట్టెలపొయ్యి దగ్గర పెరిగిన చెయ్యి ఊరుకుంటుందా? కుండ ఓరగా జరిపి, నా పుల్లలు రెండు గుప్పిళ్ళు తీసి డబ్బాలో కుక్కాను.

మంట ఆరిపోయింది. తెల్లటి పొగ గుప్పున లేచి రెండో అంతస్తు బాల్కనీ దాకా పోయింది. లచ్చమ్మ కుండను కొంగుతో పట్టి దించి దాని పక్కనే కూలబడింది. ఆ మొహం చూడలేకపోయాను.

శ్రీను పరుగెత్తుకొచ్చాడు. "పొగ అంటే గ్యాసే వదినా, అగ్గి చూపియ్యి!"

సంచిలోంచి కర్పూరం తీసి వెలిగించి డబ్బాలో వేశాను. భగ్గుమని మంట అందుకుంది. పొగ మాయం. లచ్చమ్మ కుండ మళ్ళీ పొయ్యిమీద పెట్టింది. అప్పుడే సెక్రటరీ గారు లిఫ్టు దిగి వచ్చారు.

"ఇప్పుడే పొగ కనబడిందండీ."

కర్పూరానిదని చెప్పొచ్చు. శ్రీను అదే చెప్పబోయాడు కూడా. కానీ అబద్ధాలు పట్టుకోవడమే ఉద్యోగంగా బతికినదాన్ని, నాకు నోరు రాలేదు. "పొయ్యి తప్పు లేదు సార్. నేనే నమ్మక పుల్లలు కుక్కిన. ఏమన్న అనేదుంటే నన్ను అనుండ్రి."

ఆయన పొయ్యి చుట్టూ తిరిగారు. వంగి కింద కూడా చూశారు. అప్పుడే పాలు పొంగి పసుపు మీదుగా జారాయి. ఆయన అది చూసి, "వచ్చే ఏడు కూడా పెట్టుకోండి" అన్నారు. "ఈవిడని మాత్రం పొయ్యికి దూరంగా కూర్చోబెట్టండి."

స్వరూప కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. బోనం ఉడికాక లచ్చమ్మ కుండకు వేపమండలు కట్టి, పైన దీపం పెట్టి నెత్తికెత్తుకుంది. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. పొగవల్ల కాదు.

సాయంత్రం నాలుగు గంటల బస్సుకు తిరుగుముఖం పట్టాను. శ్రీను నాకో చిన్న పొయ్యి ఇచ్చాడు. ఉదయం కనిపించిన కండక్టరమ్మే డబ్బాను అనుమానంగా చూసింది. "ఏంది పెద్దమ్మా అది?"

"పొయ్యి. గ్యాసుది."

"గ్యాసు బస్సుల తేవద్దని ఎరుకలేదా?"

గ్యాసు లేదు, కట్టెలు వేస్తే వస్తుందని చెప్పాను. ఆమె నమ్మలేదు. వంగి లోపల చూసింది, కింద చూసింది, తట్టి కూడా చూసింది. నేనైనా అంతే చేసేదాన్ని. ఈ పొయ్యి చేసుకోదలచినవాళ్ళు ఆరుబయటే పెట్టండి, పైననే ముట్టించండి. ముట్టించాక చేతులు కట్టుకుని కూర్చోండి. నాకు అదే అన్నిటికంటే కష్టమైంది.