సూదత్త మూగనోము

ఆ వీధిలో అందరూ ఆవిడను సూదత్త అనే పిలుస్తారు. సూదితో కుట్టి బతుకుతుంది కాబట్టి ఆ పేరొచ్చిందని ఆవిడ నమ్మకం. మాటతో గుచ్చుతుంది కాబట్టి వచ్చిందని వీధికి తెలుసు.

జనం ఫోనుల్లో బట్టలు కొనడం మొదలుపెట్టాక సూదత్త కుట్టుషాపు గుమ్మం తొక్కేవాళ్లు కరువయ్యారు. కత్తిరింపు బల్ల తుడవడం, తుడిచినదాన్నే మళ్లీ తుడవడం, పొద్దు పుచ్చడం. అలాంటి రోజుల్లో ఒక ఆన్‌లైన్ కంపెనీవాళ్లు వచ్చి, పగలు ఇంట్లో ఉండనివాళ్ల పార్సెళ్లు ఇక్కడ దించుతాం, వాళ్లే వచ్చి పట్టుకెళ్తారు అన్నారు. గుమ్మం మీద పసుపు బోర్డు వెలిసింది. దారపుకండెల పక్కన అట్టపెట్టెలు చేరాయి. వాటి వెనకాలే మనుషులూ వచ్చారు. ఫోనులో నంబరు చూపించి పెట్టె అందుకోవడం, "ఒకసారి తొడుక్కుని చూస్తానత్తా" అంటూ తెర వెనక్కి దూరడం.

చిక్కంతా వాళ్లు తెర బయటికొచ్చాకే.

"నీ కొలతలకు కుట్టిన చొక్కా కాదు నాయనా, బీరువాకు తొడిగే గుడ్డ."

"గౌను బాగుంది, నువ్వూ బాగున్నావు. మీ ఇద్దరికీ పడదు, అంతే."

విన్నవాళ్లు పకపకా నవ్వి, అక్కడే వాపసు పెట్టి, పెట్టె ఆవిడ చేతికే ఇచ్చి పోయేవాళ్లు.

ఒక సోమవారం కంపెనీ ఆఫీసరు ఫోను చేశాడు. "అమ్మా, వాపసుల్లో ఊరు మొత్తానికి మీ షాపే ఫస్టు. ఈ వారం పది వెనక్కొస్తే బోర్డు పీకి పక్కవీధి చెప్పుల షాపుకిచ్చేస్తాం."

సూదత్త కళ్లముందు మళ్లీ ఆ ఖాళీ బల్ల, ఆ తుడుపు!

"ఇంక నోరు విప్పను" అంది భర్తతో. ఆయన అదే షాపులో కాజాలు కుట్టి, ఇస్త్రీ చేస్తాడు.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు, మాట ఆగుతుందా? గుండుసూదులు పెట్టుకో, గుచ్చుకుంటాయన్న భయానికైనా మూస్తావు."

ఆయన వెక్కిరించాడు. ఆవిడ నిజంగానే నాలుగు సూదులు పెదాల మధ్య బిగించింది.

మంగళవారం బ్యాంకు గుమస్తా కొత్త ప్యాంటుతో తెర బయటికొచ్చాడు. "ఎలా ఉందత్తా?"

సూదత్త కళ్లు దించుకుంది. అతను అద్దంలో ముందువైపు చూసుకున్నాడు, మెడ తిప్పి వెనకవైపు చూసుకున్నాడు.

"ఏదో ఒకటి అనత్తా."

ఆవిడ సూదులు ఇంకాస్త బిగించింది. "బాగుందా, లేదా?"

"అమ్మో! నువ్వే నోరు మెదపలేదంటే ఎంత ఘోరంగా ఉన్నానో!" ప్యాంటు వాపసు.

బుధవారం వచ్చిన నర్సమ్మ, "అంత దిగాలుగా చూస్తావేంటత్తా, ఎవరైనా పోయారా?" అని తన గౌను తనే మడిచి పెట్టెలో పెట్టేసింది. సూదత్త తిట్టినప్పుడు ఏదో ఒకటి మిగిలేది. ఊరుకుంటే అన్నీ పోతున్నాయి. శనివారం మధ్యాహ్నానికి తొమ్మిదయ్యాయి.

భర్త రెండు చేతులూ చాపి, ఒక వేలు ఆడించాడు. "ఒక్కటే ఉంది. చూసి వాడుకో."

అప్పుడే లెక్కల టీచరు వచ్చింది. సోమవారం నుంచి ఆవిడే హెడ్‌మిస్ట్రెస్. అందుకని బూడిదరంగు కోటు తెప్పించుకుంది. తొడుక్కుని అద్దం ముందు నిలబడి, సూదత్త ముఖం చూసి, తన ముఖం చిన్నబుచ్చుకుంది.

"పోనీలే అత్తా. నాకు కోట్లేమిటి? నలుగురూ నవ్వుతారు" అంటూ గుండీలు విప్పబోయింది.

సూదత్త సూదులన్నీ అరచేతిలోకి ఊసేసింది. "చాల్లేవే! ఈ కోటులో దొరసానిలా ఉన్నావు. భుజం అరంగుళం జారింది, అదీ నీ తప్పు కాదు, కత్తిరించినవాడి తప్పు. కదలకుండా నిలబడు."

"మరి ఇంతసేపూ చెప్పవేం?"

"మంచిదాన్నవుదామని చూశానమ్మా. అచ్చిరాలేదు."

"కూర్చోమ్మా టీచరూ," అన్నాడు భర్త ఇస్త్రీపెట్టె వేడెక్కిస్తూ. "అయిదు రోజుల మాటలు నిలవున్నాయి."

భుజం విప్పి, సర్ది, మళ్లీ కుట్టేసరికి గంట పట్టింది. ఆ గంటలో టీచరు బ్యాంకు గుమస్తా ప్యాంటు దగ్గర్నుంచి అన్నీ వింది. కోటు వేసుకునే ఇంటికెళ్లింది.

సోమవారం పొద్దున్నే గుమస్తా పరుగున వచ్చాడు. "టీచరమ్మ చెప్పింది, నా ప్యాంటూ సరిచేయొచ్చటగా! ఆ రోజే చెప్పొచ్చుగా అత్తా?"

"నువ్వు అడగలేదుగా."

"మూడుసార్లు అడిగాను!"

అంతలో ఆఫీసరు ఫోను. "తొమ్మిదితోనే ఆగాయమ్మా. బోర్డు మీదే. ఇలాగే నడిపించండి."

"నడిపిస్తాలే నాయనా. ముందు మీ కోట్లకు భుజాలు కత్తిరించేవాడెవడో, వాణ్ని ఒకసారి లైనులోకి పిలువు."