కుంకుడుకాయతో కడిగిన పగడపురాయి

గవర్నర్‌పేటలో ఒక డాక్టరుగారు ప్రాక్టీసు మానేసి మద్రాసు వెళ్ళిపోతూ, రోగులు కూర్చునే హాల్లోని ఉప్పునీటి చేపల పెట్టెను కాంపౌండరుకు వదిలేశారు. కాంపౌండరు దాన్ని నాకు అంటగట్టాడు. నేను మాత్రం అతని దగ్గర చవగ్గా కొట్టేశాననే అనుకున్నాను.

ఇనుప చట్రం తుప్పు రాలుతోంది. అద్దాల సందుల్లో లప్పం పెచ్చులూడింది. కషాయం రంగు నీళ్ళు, అడుగున జానెడు నల్ల బురద, మధ్యలో పాకుడు పట్టిన గుమ్మడికాయంత పగడపురాయి. చచ్చిన పెట్టెకి ఇంత ధరా అని నేను మొదలుపెట్టేసరికి, రాయి వెనక నుంచి నలుపు తెలుపు చారల చేప ఒకటి మెల్లగా బయటికొచ్చింది. అది బతికున్న సంగతి కాంపౌండరుకూ అప్పుడే తెలిసిందని అతని ముఖమే చెప్పింది.

"ప్రాణంతో ఉంది కదండీ, ఇంకొంచెం వేసుకోండి" అన్నాడు.

"ప్రాణం ఉంటే తిండి ఖర్చు కూడా ఉంటుందండీ. ఇంకొంచెం తగ్గించండి" అన్నాను.

తగ్గించాడు. దారి పొడుగునా రిక్షాలో నన్ను నేనే మెచ్చుకుంటూ వచ్చాను.

వన్‌టౌన్‌లో మాది బట్టల కొట్టు. గల్లాపెట్టె ముందు మా అన్నయ్య కూర్చునేవాడు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నేను తొమ్మిదేళ్ళుగా తానులు విప్పుతూ, మడుస్తూ ఉన్నాను. ఆ గల్లా ముందు ఒక్కసారైనా కూర్చోవాలన్నదే నా కోరిక. ఎదుటి కొట్టువాడు అద్దాల బీరువాలో గుండ్రంగా తిరిగే చీర బొమ్మను పెట్టాక మన జనమంతా అటే పోతున్నారని, బతికున్న చేపను పెడితే వాళ్ళు మనవైపు తిరుగుతారని నా ఎత్తు. నీచు ముట్టని ఇంట్లో పుట్టి ఆ ఎత్తు వేసినందుకు నాకు బుద్ధి లేదనాలి.

"ఏమిట్రా ఈ కంపు?" అన్నాడు అన్నయ్య.

"అక్వేరియం అన్నయ్యా. జనం ఆగి చూస్తారు."

"ముక్కు మూసుకుని చూస్తారు." కాసేపు చేపనూ నన్నూ ఒకే రకంగా చూశాడు. "సరే. పదిహేను రోజులు. ఈ చేప మన కొట్లో చావకుండా ఉందా, గల్లా మీద నువ్వు కూర్చో, నేను తప్పుకుంటా. చచ్చిందా, ఉయ్యూరు సంతకి మూట మోసేది నువ్వే. ఇక ఈ గుమ్మం లోపల నీకు పని లేదు. చచ్చిన నీచు పడున్న కొట్లో పెళ్ళిబట్టలు ఎవడు కొంటాడ్రా?"

అది చస్తుందని అతనికి ధీమా. ఆ ధీమా చాలక, వస్తూ పోతూ గోటితో అద్దం మీద టకటకా కొట్టేవాడు. చేప బెదిరి రాయి వెనక్కి దూరేది. అతను తృప్తిగా గల్లా దగ్గరికి పోయేవాడు. నేను చూస్తూ పళ్ళు నూరుకునేవాణ్ణి.

కేన్ల కొద్దీ మంచి సముద్రపు నీళ్ళు కావాలి. పొద్దున్నే బందరు బస్సులో చేపల తట్టతో దిగి మా వీధి చివర కూర్చునే ఒకావిడను పట్టుకున్నాను. నలభై ఏళ్ళుంటాయి. బేరంలో నన్ను మించిన ఉద్దండురాలు.

"సముద్రం ఎవరి సొత్తూ కాదు గదమ్మా. నీళ్ళకి డబ్బులేమిటి?"

"అయితే నువ్వే పోయి తెచ్చుకో శావుకారూ. ఎవరొద్దన్నారు?"

"ఎలాగూ బస్సులో వస్తున్నావుగా."

"నెత్తి మీద తట్ట ఉంది, కనపడట్లా? కేను నీ నెత్తినెట్టుకుని నడువు, తెలుస్తది."

కేనుకు అయిదు పైసలు తగ్గించాను. అందుకు బదులుగా ఆవిడ నా చేత ఒక జాకెట్టు ముక్క చింపించుకుంది. ముక్క ఖరీదు ఎన్ని కేన్ల తగ్గింపుకు సమానమో ఆ రాత్రి పడుకున్నాక గాని నాకు తట్టలేదు.

చేపను ప్లాస్టిక్ బకెట్లోకి మార్చి పని మొదలుపెట్టాను. రబ్బరు గొట్టంతో బురద లాగబోయి మొదటి గుక్క నేనే మింగాను. బ్లేడుతో అద్దాలు గీకాను. చట్రానికి బయటివైపు ఎర్రరంగు పూసి, సందులకు కొత్త లప్పం పెట్టి, ఆరాక కొత్త నీళ్ళు పోసి చేపను మళ్ళీ వదిలాను. చేప అటుకులు ముట్టలేదు. ఆ మాట చెబితే నీళ్ళావిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "సముద్రపు చేపకి అటుకులా? రేపు పులిహోర పెట్టు" అని ఎండురొయ్యల పొడి పొట్లం చేతిలో పెట్టింది. దాన్ని పంచెల దొంతర వెనక దాచి, అన్నయ్య భోజనానికి వెళ్ళినప్పుడల్లా చిటికెడు వేశాను. చేప తిన్నది.

మిగిలింది రాయి. దాని గురించి ఆవిడ ముందే చెప్పింది. "ఉప్పునీళ్ళలోనే జాడించు. పాకుడు వరకే గీకు. ఇంకేమీ తగలనీకు. ఆ రాయికీ పానం ఉంటది."

ఇంకో నాలుగు కేన్లు అమ్ముకోవడానికి చెబుతోందనుకున్నాను. అమ్మేవాళ్ళిచ్చే సలహా వినకపోవడం మా ఇంట్లో ఉగ్గుపాలతో పట్టిన విద్య. సబ్బు మంచిది కాదన్న పాటి తెలివి నాకూ ఉంది. మా ఇంట్లో పట్టుచీరలకు వాడేది కుంకుడుకాయ. చీర రంగునే పోనివ్వనిది రాయిని ఏం చేస్తుంది? పద్నాలుగో రోజు మధ్యాహ్నం గుప్పెడు కాయలు కొట్టి, నానబెట్టి, పిసికి, కొబ్బరిపీచుతో రాయిని సందుసందునా తోమాను. లోపలినుంచి వెంట్రుకలాంటి పురుగులు, గోరంత పీతలు బయటపడ్డాయి. నీళ్ళు కుమ్మరించి అన్నిటినీ కాలవలోకి తోసేశాను. రాయి చలవ చేసిన మల్లుగుడ్డలా తెల్లగా తేలింది. పెట్టెలో పెడితే అన్నయ్య కూడా అద్దం కొట్టడం మరిచి చూశాడు. నీళ్ళ మీద సన్నగా నురగ వచ్చింది. అదీ అందంగానే ఉందనుకున్నాను.

పదిహేనో రోజు శుక్రవారం. కొట్టు తెరిచి సాంబ్రాణి వేసి చూస్తే చేప పక్కకు ఒరిగి ఉంది. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. అన్నయ్య వచ్చి చూశాడు. గల్లా దగ్గరికి పోకుండా ఎదురుగా బల్ల మీద కూర్చుని, చేతి గడియారం విప్పి తొడ మీద పెట్టుకున్నాడు.

"సాయంత్రం దాకా టైముంది. నాకేం తొందర లేదు" అన్నాడు.

అప్పుడే నీళ్ళావిడ కేన్లు తెచ్చింది. చేపను చూసి, పెట్టెలో చెయ్యి ముంచి రాయిని రుద్ది, వేళ్ళు వాసన చూసుకుంది.

"కుంకుడుకాయ ఏసి తోమావా?"

"పట్టుచీరకే ఏం కాదు."

"చేప చీర కట్టుద్దా? మా కాడ మడుగులో చేపలకి మత్తెక్కియ్యాలంటే నూరి పోసేది ఇదే."

బల్ల మీదినుంచి అన్నయ్య నవ్వు వినిపించింది.

ఆవిడ ఒక కేను మూత తీసింది. "దీన్ని నాకియ్యి. ఈ నీళ్ళలో ఏసుకుపోతా. ఇక్కడ సత్తే నా నీళ్ళు మంచియి కాదని డబ్బులెగ్గొడతావు. నీ సంగతి నాకు తెలవదా?"

అప్పటికి నేను సరిగ్గా అదే ఆలోచిస్తున్నాను. కాని అంతకంటే మంచి ఆలోచన తట్టింది. ప్రాణంతో బయటికి పోతే చేప మా కొట్లో చావనట్టే. గల్లా నాదే. చేతులు జోడించి ఇచ్చి పంపవలసింది. అయితే మా కొట్లో వస్తువును ఒక మనిషి కావాలని అడిగింది. నా నోరు దానంతటదే కదిలింది.

"ఎంతిస్తావు?"

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "సచ్చే చేపకా?"

"చచ్చేదైతే నీకెందుకు?"

"రూపాయి."

"రెండు."

చేప అటు ఒరుగుతూ ఇటు ఒరుగుతూ ఉండగా రూపాయిన్నరకు తెగింది. ఆవిడ కొంగుముడి విప్పి నాణేలు నా చేతిలో పడేసి, చేపను దోసిట్లో పట్టి కేనులో వదిలి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. నేను నాణేలు కళ్ళకద్దుకుని గల్లాలో వేశాను. తొమ్మిదేళ్ళుగా పొద్దుటి మొదటి బేరానికి చూస్తూ వచ్చిన అలవాటది. చెయ్యి వెనక్కి తీసుకునే లోపలే తెలిసింది.

అన్నయ్య గడియారం చేతికి పెట్టుకుని లేచాడు.

"చావలేదు అన్నయ్యా" అన్నాను. "నువ్వన్న మాట ప్రకారం..."

"చావలేదు. అమ్మావు. శుక్రవారం పూట, బట్టల కొట్లో, చేపతో బోణీ చేశావు. చస్తే నీళ్ళు పోసి కడిగించేవాణ్ణి. బోణీని ఏం పెట్టి కడగమంటావురా, కుంకుడుకాయా?"

బోణీ డబ్బు తిరిగివ్వకూడదు. పారెయ్యకూడదు. ఆ రోజు అమ్మకాలన్నీ దాని వెనకే నడుస్తాయని మా నమ్మకం. అన్నయ్య ఆ రోజంతా గల్లా ముట్టుకోలేదు, వచ్చిన డబ్బు అట్టపెట్టెలో వేసుకున్నాడు. సాయంత్రం మూట మాత్రం తనే కట్టి గుమ్మం అవతల పెట్టాడు.

మర్నాడు ఉయ్యూరు వెళ్ళడానికి బందరు బస్సెక్కాను. మూట ఒళ్ళో పెట్టుకుని చూస్తే, ముందు సీట్లో ఖాళీ తట్టతో ఆవిడ.

"చేప బతికిందా?" అని అడిగాను.

ఆవిడ వెనక్కి తిరిగింది. "చెబితే ఎంతిస్తావు?"

"పావలా."

ఆవిడ మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. కంకిపాడు దాటాక అర్ధరూపాయికి పెంచాను. ఉయ్యూరులో నేను మూటెత్తుకుని దిగేదాకా ఆవిడ పలకలేదు.