ఆకులో ఏం పెట్టాలి

మా పిన్నమ్మ పోయింది. కువైట్‌లో, అబ్బాసియాలో నేను వంట చేసే మెస్సులో పొద్దున పప్పు ఉడుకుతుండగా, ఆమె కోడలు రాయచోటి నుంచి ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయిందట. నాకింకా ఏడుపైనా రాకముందే ఆ పిల్ల ఇంకో మాట అడిగింది.

"వదినా, పదకొండో దినం ఆకులో ఆయమ్మకు ఇష్టమైనేటివి పెట్టల్ల గదా. నీసు తినదని తెలుసు. ఏమిష్టమో మాత్రం తెలీకపాయ. మీ తమ్మున్ని అడిగితే నాకూ తెలీదంటాండాడు. నీకు తెలిసుంటాది గదా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏడేండ్లు నీ చేతి కూడు తినింది గదమ్మే! ఏమిష్టమో తెలీదా?"

"ఏం పెడితే అది తినేది వదినా. బంగారట్లా మనిషి."

ఏం పెడితే అది తినేది. ఆమె గురించి ఈ మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. అందరూ మెచ్చుకోలుగానే అంటారు. విన్నప్పుడల్లా నాకు మాత్రం అన్నవాళ్ల చెంప పగలగొట్టాలనిపిస్తుంది. ఫోన్ పెట్టేశాను.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. ఇరవై ఏళ్ల వయసులో ఇంటిపనికి కువైట్ వచ్చి నేను దిగిన ఇంట్లో ఆమె వంటమనిషి. మా కడప వైపు మనిషే. మొదటిరోజే "పిన్నమ్మా అని పిలువు పాపా, ఈడ నన్ను వరసపెట్టి పిలిచేటోళ్లు ల్యారు" అంది. ఆ ఇంట్లో రోజూ మాంసమే. పెద్ద పెద్ద గిన్నెల నిండా వండేది గానీ ఒక్క మెతుకు నోట పెట్టేది కాదు. ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి వాసన చూసి చెప్పేది, ఎన్నడూ తప్పలేదు. పొయ్యి పక్కన మూలగా ఆమెది ఒక చిన్న సత్తుగిన్నె వేరుగా ఉండేది. అందరూ తిని లేచాక అందులో ఇంత అన్నం, పైన పప్పో పచ్చిపులుసో. గిన్నె అడుగంటితే మాత్రం సహించేది కాదు. "మాడు వాసన వచ్చిందంటే వండే ఆమె బుద్ధి యాడనో ఉన్నట్టు" అనేది. ఈరోజు ఇంతమందికి వండి పెట్టి బతుకుతున్నానంటే అది ఆమె నేర్పిన చేయి.

ఇరాక్ సైన్యం వచ్చిపడిన ఆగస్టులో మా ఇంటివాళ్లు సెలవులకని వేరే దేశం పోయి ఉన్నారు. మా పాస్‌పోర్టులు మమ్మల్ని వీసా మీద తెచ్చుకున్న యజమాని, కఫీల్ బీరువాలో, తాళం ఆయన జేబులో. ఇంట్లో మిగిలింది మేమిద్దరం, మంచం దిగలేని ఒక ముసలామె. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటాం. ఈ ముసలామె ఆ మామాకు కన్నతల్లి, అందుకని మామా కబీరా, అంటే పెద్ద మామా, అనేవాళ్లం. కూతురు తల్లిని మాకు అప్పగించి, రెండు వారాల్లో వస్తానని చెప్పి విమానమెక్కింది.

కొన్నాళ్లకు మనవాళ్లు బస్సుల్లో జోర్డాన్ దాకా వెళ్లి, అక్కడి నుంచి ఇండియాకు విమానమెక్కడం మొదలుపెట్టారు. పాస్‌పోర్టు లేకున్నా ఏదో కాయితం రాసి పంపిస్తున్నారని, అల్ రాయ్‌లో మెకానిక్కుగా ఉండే మా ఊరాయన వచ్చి చెప్పాడు. నేను వెంటనే మూట కట్టుకున్నాను. పిన్నమ్మ కదల్లేదు.

"నేను పోతే ఈయమ్మ నోట్లో ముద్ద పెట్టేదెవురు? నువ్వు పో పాపా."

"సొంత కూతురే వదిలిపెట్టి పాయె. నీకెందుకు పిన్నమ్మా?"

"కూతురు పాయె కాబట్టే."

ఒంటరిగా పోవడానికి భయపడి నేనూ ఆగిపోయాను. త్యాగమని అనుకునేరు, అదేం కాదు. ఆ కోపంతో రెండు నెలలు ఆమెతో సరిగా మాట్లాడలేదు. ఆమె మాత్రం ఏ పూటా తప్పకుండా పిలిచి పెట్టింది.

చలికాలానికి మాంసం దొరకడం మానేసింది. కూరగాయలు అంతకు ముందే పోయాయి. స్టోరు గదిలో ఉన్నవల్లా బియ్యం, ఎర్రపప్పు, చింతపండు, వెల్లుల్లి, ఇన్ని ఉల్లిగడ్డలు. వానలు పడ్డాక పెరట్లో గుండ్రటి ఆకుల కలుపు మొలిచింది. తోట శుభ్రంగా లేకపోతే మామా తిట్టేది గనుక ఏటా దాన్ని వేళ్లతో సహా పీకి చెత్తలో వేసేదాన్ని. ఆ ఏడూ అలవాటు కొద్దీ పీకుతుంటే మంచం పక్క కిటికీలోంచి మామా కబీరా కేకలు పెట్టింది. "ఖుబ్బేజా! ఖుబ్బేజా!" అది తినే ఆకట. ఆమె చిన్నప్పుడు వాన పడిన ప్రతి ఏడూ ఏరుకొచ్చి వండుకునేవారట. పిన్నమ్మ నడుము పట్టుకుని నవ్వింది. "బంగారట్లా కూరాకును చెత్తలో పోసినావు గదమ్మే!"

ఉడికితే బచ్చలిలా జిగురొస్తుంది ఆ ఆకు. ఎర్రపప్పులో వేసి, చింతపండు పిసికి పోసి, వెల్లుల్లి తిరగమోత పెట్టేది. మర్నాడు ఉల్లిగడ్డ కారంతో వేపుడు, ఆ మర్నాడు పులుసు. చలి వెనక్కి తగ్గి ఎండలు ముదిరేదాకా మా తిండి అదే. మాంసం లేనిదే ముద్ద ముట్టని మామా కబీరా మంచం మీద దిండ్లకు ఆనుకుని వేళ్లు నాకేది.

ఫిబ్రవరి ఆఖరున ఆ సైన్యం పోతూ పోతూ చమురుబావులకు నిప్పు పెట్టింది. కరెంటు లేదు, గ్యాసు లేదు. మిట్టమధ్యాహ్నం దీపం వెలిగించుకోవాలి. ఆకుల మీద జిడ్డు మసి. కడగడానికి నీళ్లు చాలక పిన్నమ్మ ఒక్కొక్క ఆకునూ తడిగుడ్డతో తుడిచేది. పెరట్లో మూడు ఇటుకలు పెట్టి, కట్టెలు లేక హాల్లోని భోజనాల బల్ల కుర్చీలను ఒక్కొక్కటే విరిచి పొయ్యిలో పెట్టింది.

మే నెలలో మామా తిరిగొచ్చింది. తల్లిని కావలించుకుని ఏడ్చింది, కాదనను. కళ్లు తుడుచుకోగానే హాలు వైపు తిరిగి "కుర్చీలేవి?" అంది.

పిన్నమ్మ తనకొచ్చిన ముక్కల అరబ్బీలో, "మీయమ్మ తినేసింది మామా" అంది.

మామాకు అర్థం కాలేదు. మంచం మీది ముసలామెకు అర్థమై పకపకా నవ్వింది. తొమ్మిది నెలలు తన తల్లి ఏం తిని బతికిందో, తినిపించిన మనిషి ఏం తినిందో ఆ మహాతల్లి ఆ రోజు అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. పిన్నమ్మ ఆ ఇంట్లోనే ఇంకా ఎన్నో ఏళ్లు వండింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

ఆ మంట మీదే కోడలి ఫోన్ పెట్టేశాను. పెట్టేసి, పప్పు గిన్నె ముందు నిలబడి, సరే, నువ్వు చెప్పు, ఆమెకేమిష్టం అని నన్ను నేను అడుక్కున్నాను. ఆమె వండినవన్నీ గుర్తొచ్చాయి. నాకిష్టమని పులుసులో కారం ఎక్కువ వేసింది. మామా కబీరాకు ఇష్టమని పప్పులో వెల్లుల్లి ఎక్కువ వేసింది. తనకిష్టమని చేసుకున్నది ఒక్కటంటే ఒక్కటి గుర్తు రాలేదు. ఆ పిల్లను తిట్టిన నోరు ఇదే.

సాయంత్రం నేనే ఫోన్ చేశాను. "నాకూ తెలీదమ్మే. తిట్టినానని ఏమనుకోవాక."

"మరి ఆకులో ఏం పెట్టల్ల వదినా?"

ఆ జవాబు ఒకనాడు దొరికేదే, చేతిదాకా వచ్చిందే. నీకేమిష్టమని పిన్నమ్మను అడిగిన మనిషి నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. పొగ కమ్మిన ఆ వసంతంలో, ఉగాది నాడు.

మా దగ్గర పంచాంగం లేదు. వీధి చివర వేపచెట్టు పూసింది గనుక ఈరోజే ఉగాది అని తేల్చింది పిన్నమ్మ. మసి దులిపిన వేపపువ్వు, చింతపండు, బెల్లానికి బదులు ఖర్జూరం, మామిడికాయకు బదులు ఎండు నిమ్మకాయ. పొయ్యి మీద ఖుబ్బేజా పప్పు ఉడుకుతోంది. మామా కబీరాను ఇద్దరం మోసుకొచ్చి, మిగిలిన కుర్చీల్లో ఒకదానిలో పెరట్లో కూర్చోబెట్టాం. ఆమె పచ్చడి నాలుకకు రాసుకుని, ముఖమంతా చిట్లించి, పిన్నమ్మ కొంగు పట్టుకుంది.

"నాకేం కావాలని రోజూ అడుగుతావు" అంది అరబ్బీలో. "నీకేం కావాలి? నువ్వేం తింటావు?"

పిన్నమ్మ గరిటె పైకెత్తి అట్లాగే నిలబడిపోయింది. నల్లటి ఆకాశం కేసి చూసింది. ఆమె ముఖం అంత లేతగా నేనెన్నడూ చూడలేదు. ఏదో దొరికినట్టు కళ్లు నవ్వాయి, పెదాలు విచ్చుకున్నాయి. అంతలో నాకు మాడు వాసన కొట్టింది.

"పిన్నమ్మా, పప్పు అడుగంటుతాండాది!" అని అరిచాను నేను.

ఆమె ఉలిక్కిపడి, నోటిదాకా వచ్చిన మాట వదిలేసి, పొయ్యి మీదికి వంగి గబగబా కలియబెట్టింది.