ఉప్పు మళ్ళ మీద అన్న విమానం

తను పనిచేసే మిల్లు మూతపడ్డాక మా అన్న విమానం కట్టడం మొదలుపెట్టాడు. అప్పుడు మేము కామాటిపురలో ఒక చాల్ పై అంతస్తులో ఉండేవాళ్ళం. అమ్మ, అన్న, నేను. నాన్న అప్పటికే లేడు. నేను గల్లీ చివర బట్టల కార్ఖానాలో కాజాలు కుట్టేదాన్ని. అన్న ఫోరస్ రోడ్డు మీద ఒక లేత్ దుకాణంలో పనికి కుదిరాడు.

మనుషులెక్కని ఆ చిన్న విమానాన్ని కింద నిలబడి నడిపే రేడియో సెట్టు, అంటే పుల్లలున్న ఒక డబ్బా, పిడికిలంత ఇంజిను చోర్ బజారులో దొరికాయి. ఎవరో ఓడ మనిషి అమ్ముకుపోయినవి. రెక్కలు మాత్రం అన్న తేలిక చెక్కతో సొంతంగా చేశాడు. వాటి మీద పట్టుగుడ్డ బిగించి అంటించింది నేను. మా ఒంటిగది ఖోలీలో చోటు లేక రెక్కను గదుల ముందరి గ్యాలరీ కప్పుకు వేలాడదీశాం. చెంబు పట్టుకుని సండాసుకు పోయేవాళ్ళు దాని కింద వంగి పోయేవాళ్ళు. "నీ కొడుక్కు జల్ది పెళ్ళి చెయ్యి, ఈ పిచ్చి పోతది" అని అమ్మకు చెప్పేవాళ్ళు.

ఆదివారాలు వడాలా దగ్గర ఉప్పు మళ్ళకు పోయేవాళ్ళం. ఇంజిను తిప్పేటప్పుడు తోక పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేనే. అన్న ఇంధనంలో ఆముదం కలిపేవాడు. అది కాలిన వాసన సాయంత్రం దాకా నా జడలో ఉండేది.

స్టాల్ అనే మాట అన్న మొదటిసారి అన్నప్పుడు నేను చాయ్ స్టాల్ అనుకున్నాను. నవ్వి, బస్సులో పోతున్నప్పుడు నా చెయ్యి కిటికీ బయట పెట్టించాడు. "అరచెయ్యి కొంచెం ఎత్తు. గాలి లేపుతుందా?"

"లేపుతుంది."

"ఇంకా ఎత్తు."

చెయ్యి నిలువుగా అయ్యేసరికి గాలి దాన్ని లేపడం మాని వెనక్కి తోసింది.

"రెక్క కూడా గంతే. ముక్కు మరీ ఎత్తితే గాలి పట్టు పోతది. ఒక రెక్క వాలి కింద పడతది. పడుతుంటే మన చెయ్యి పుల్లను ఇంకా వెనక్కి గుంజుతది, పైకి లేపుదామని. అట్ల గుంజితే అయిపోయినట్టే. ముక్కు కిందికి దించాలె. స్పీడు వచ్చినంక మెల్లగ లేపాలె."

అది అంతగా తెలిసిన మనిషే ఆ తప్పు చేశాడు.

ఒక ఆదివారం పొద్దున విమానం నేల వదిలి కొంచెం ఎత్తుకు పోగానే ఇంజిను ఆగిపోయింది. ఎదురుగా గట్టు మీద ఆడవాళ్ళు ఉప్పు గంపలు మోసుకుపోతున్నారు. అన్న విమానాన్ని మా వైపు తిప్పాడు. తిప్పుతూనే ముక్కు ఎత్తాడు. ఎడమ రెక్క వాలిపోయింది. నేను పక్కకు దూకాను. అన్న డబ్బా పట్టుకుని పుల్ల కదుపుతూ అక్కడే నిలబడ్డాడు. రెక్క అతని ముఖానికి తగిలి విరిగింది. చెక్క పేడు ఒకటి ఎడమ కంట్లో దిగింది.

గంపలు దింపి ఆ ఆడవాళ్ళే పరుగెత్తుకొచ్చారు. పాలమూరు వాళ్ళు. ఒకామె కొంగు చింపి కట్టు కట్టి, రోడ్డు దాకా అన్నను పట్టుకుని నడిచింది.

ఆస్పత్రిలో ఎక్కడ ఉంటారని అడిగితే పక్క పేట పేరు, నాగ్‌పాడా అన్నాను. మా గల్లీ ఆడపిల్లలందరం బయట అదే చెప్పేవాళ్ళం. కామాటిపుర అంటే ఒళ్ళమ్ముకునే ఆడవాళ్ళ పేట అని ఎదుటివాళ్ళ చూపు మారిపోయేది.

దెబ్బతిన్న కన్ను తీసెయ్యాలని, ఉంచితే రెండోది కూడా పాడయ్యే ప్రమాదం ఉందని డాక్టరు చెప్పాడు. అమ్మ ఒప్పుకోలేదు. "కన్ను తీసినోనికి పిల్లనెవరిస్తరు?" అంది. అన్న కూడా తల అడ్డంగా ఊపాడు. డాక్టరు ఇంకోసారి చెప్పి, వేరే మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

వార్డులో అన్నను అడిగాను. "ముందర ఆ ఆడోళ్ళుండిరి. నువ్వింకేం చేస్తవు?"

"కుడిపక్క నీళ్ళ మడి ఖాళీగనే ఉండె. ముక్కు దించి దాంట్ల వేస్తే అయిపోవు. ఇంజిను ఖరాబయితదని, విమానం దక్కించుకుందామని తిప్పిన."

లేత్ దుకాణంవాడు ఒంటికన్ను మనిషిని మిషను దగ్గరికి రానివ్వలేదు. వానాకాలమంతా అన్న ఇంట్లో కూర్చుని రెక్క మళ్ళీ కట్టాడు. అమ్మ అతనితో మాట్లాడటం మానేసింది, అన్నం పెట్టడం మాత్రం మానలేదు. వానలు పోయాక డబ్బా నా చేతికిచ్చాడు. అప్పటికి కుడి కన్ను కూడా మసకబారుతోంది. నాకు చెప్పలేదు. గ్యాలరీలో గడప తన్నుకుంటుంటే నాకే తెలిసింది.

"బాగ పైకి పోనియ్యి," అన్నాడు ఉప్పు మళ్ళ దగ్గర. "ఇంజిను తగ్గించి, కావాలని స్టాల్ చెయ్యి. కింద జాగా ఉన్నప్పుడే నేర్చుకోవాలె."

పుల్లను వెనక్కి గుంజాను. ముక్కు లేచింది. ఇంజిను చప్పుడు సన్నబడింది. విమానం ఒక్క క్షణం ఆగినట్టయి, ఒక రెక్క వాల్చి పడటం మొదలుపెట్టింది. నా బొటనవేలు వెనక్కే బిగుసుకుపోయింది.

"పడుతుందన్నా."

"పుల్ల వదులు. చెయ్యే తీసెయ్యి."

వదిలేశాను. ముక్కు నేల వైపు తిరిగింది. విమానం ఈలలాంటి చప్పుడుతో కిందికి వచ్చింది. అప్పుడు మెల్లగా లేపమన్నాడు. లేపాను, లేచింది.

అన్న ముఖం ఎండ వైపు ఉంది. విమానం అటు లేదు.

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఇంకోసారి చెయ్యి."

ఆ చలికాలం దాటకముందే అతని చూపు పూర్తిగా పోయింది. పెద్దాస్పత్రిలో మందులు, సూదులు ఇచ్చారు. ఆలస్యమైందన్నారు. అమ్మ డాక్టరు కాళ్ళ మీద పడింది. ఆనాడు కన్ను తియ్యొద్దన్నది నేనే, నేనే అని ఏడ్చింది. అన్న ఆమె భుజం వెతుక్కుని చెయ్యి వేశాడు. "నేను కూడ ఒద్దన్న కదనే," అన్నాడు.

విమానం పాత సామాన్లు కొనే భంగార్‌వాడికి ఇచ్చెయ్యమని అన్నే చెప్పాడు. ఆ తర్వాత నేను కార్ఖానా నుంచి గుండీలు కుట్టే పని ఇంటికి తెచ్చేదాన్ని. అన్న గుండీలను వేళ్ళతో తడిమి సైజు ప్రకారం వేరు చేసేవాడు. అతనికి పెళ్ళి కాలేదు. విమానం ఊసు మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.