అంజమ్మ పిన్ని మార్కాలో నాలుగు వేళ్ళ సందు

2022 ఫిబ్రవరి నెలాఖరు. దర్శి బస్టాండు వెనక సందులో, ఒక టైలరు కొట్టుకీ ఎరువుల కొట్టుకీ మధ్య ఇరుకు గది నా షాపు. స్టిక్కర్లు, స్టెన్సిళ్ళు, పుట్టినరోజు పేర్లు, బండ్ల మీద పేర్లు, ఏదైనా కోసి ఇస్తాను. అంతకు ముందు పన్నెండేళ్ళు ఒంగోలులో ఒక ప్రెస్సులో డీటీపీ చేశాను. పెళ్ళిపత్రికల్లో అక్షరాలు సర్ది సర్ది నా కళ్ళు ఎలా తయారయ్యాయంటే, ఏ బోర్డు మీదైనా రెండక్షరాల మధ్య సందు కాస్త ఎక్కువ కనిపిస్తే చాలు, వెళ్ళి జరిపి రావాలనిపించేది. అది నా గొప్ప అనుకునేదాన్ని.

నా దగ్గరున్న కటింగ్ మెషిను గురించి తెలియనివాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. చూడటానికి ప్రింటరులాగే ఉంటుంది గానీ లోపల ఇంకు బదులు చిన్న బ్లేడు ఉంటుంది. జిగురున్న ప్లాస్టిక్ పలక మీద షీటు అంటించి లోపలికి పెడితే, కంప్యూటరులో గీసిన గీత వెంట బ్లేడు కోసుకుంటూ పోతుంది. ఆ పలకని మ్యాట్ అంటాం. ఇంగ్లీషు అక్షరాలు దీనికి మంచినీళ్ళ ప్రాయం. తెలుగు దగ్గరే తిప్పలు. ‘మ్మ’ అని టైపు చేస్తే పై అక్షరం ఒక ముక్క, కింది వత్తు ఇంకో ముక్క. రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట బ్లేడు రెండు గీతలూ కోసేసి అక్షరం నడుము తెంపుతుంది. అందుకని ముక్కల్ని కలిపి ఒకే గీతగా చేయాలి, దాన్ని వెల్డ్ అంటాం. స్టెన్సిల్ అయితే ఇంకో తలనొప్పి. సున్నా కోస్తే మధ్యలోని గుండ్రం కూడా ఊడిపోతుంది, రంగు అద్దితే పెద్ద బొట్టు పడుతుంది. ఆ గుండ్రం నిలవడానికి రెండు పక్కలా సన్నటి పట్టీలు వదులుతాం, వాటి పేరు బ్రిడ్జిలు. ఇక అక్షరాల మధ్య ఎడం సర్దడాన్ని కెర్నింగ్ అంటారు. అందులో నన్ను మించినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరని నా నమ్మకం.

మిరప కోతల రోజులు. దర్శికి దగ్గర్లోని ఒక ఊరి రైతులు ఆ ఏడు టిక్కీల మీద పేరు వేసే అచ్చుల కోసం వరసగా నా దగ్గరికి వచ్చారు. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి నింపిన గోతం. నాలుగైదు ఇళ్ళ టిక్కీలు ఒకే లారీలో గుంటూరు కోల్డ్ స్టోరేజీకి వెళతాయి కాబట్టి, ఏ గోతం ఎవరిదో తెలియాలంటే దాని మీద మార్కా ఉండాలి. పూర్వం నుంచీ ఈ మార్కాలకి రేకు అచ్చులు వాడేవారు. నూనె డబ్బా విప్పి, చదును చేసి, ఉలితో అక్షరాలు కొట్టేవారు. నేను వాటికి బదులు మైలార్ అనే గట్టి ప్లాస్టిక్ షీటు మీద కోసి ఇచ్చాను. తుప్పు పట్టదు, కడిగితే శుభ్రంగా ఉంటుంది. ఒకళ్ళకి చేస్తే పది మంది వచ్చారు. అందరికీ నాకు నచ్చిన ఒకే ఫాంటులో చేసి, “ఇంకా ఆ తుప్పు రేకులెందుకండీ, పడేయండి” అని సలహా కూడా ఇచ్చాను.

అంజమ్మ పిన్ని అలా వచ్చిన మనిషే. మా అత్తగారికి దూరపు చుట్టం, అరవై దాటి ఉంటాయి. ఏడాది క్రితమే ఆమె భర్త పోయాడు. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన రెండెకరాలూ ఆమె పేరు మీదే ఉన్నాయి, ఆయన పోయాక సాగు ఆమె చేతికే వచ్చింది. పాత చీర ముక్కలో చుట్టిన రేకు తీసి నా బల్ల మీద పెట్టింది.

“ఇది విరిగి రంగు కారిపోతంది అమ్మాయ్. అచ్చం ఇట్టాంటిదే చేసిపెట్టాల.”

“చేస్తా పిన్నీ. ఇంతకన్నా నీటుగా చేస్తా.”

“నీటు సంగతి నాకు తెలవదు. ఇట్టాంటిది కావాల.”

ఆ రెండో మాట నా చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. రేకు చూస్తేనే నాకు ప్రాణం ఉసూరుమంది. ‘అం’ ఎడమ పక్క గోడకి జారబడినట్టు వాలి ఉంది. దాని పక్కన నాలుగు వేళ్ళు పట్టేంత ఖాళీ. ఆ తర్వాత ‘జమ్మ’, రెండక్షరాలూ ఇరుక్కుని, కింద వత్తు ఒక పక్కకి ఒరిగి. జ దగ్గర పట్టీ విరిగిపోయింది. ఇంత అన్యాయంగా అక్షరాలు పేర్చిన మనిషి ఎవరా అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే పేరు టైపు చేశాను. వత్తు వెల్డ్ చేశాను, సున్నాకి బ్రిడ్జిలు పెట్టాను, అక్షరాల మధ్య ఎడాలు వెంట్రుక వాసి తేడా లేకుండా సర్దాను. మ్యాట్ వెడల్పు పన్నెండు అంగుళాలే కాబట్టి ఆ ఖాళీ తీసేయడం మెషినుకి కూడా కలిసొచ్చింది. కోసి తీస్తే ముచ్చటగా వచ్చింది. పిన్ని రేకుని బల్ల కింద, కోయగా మిగిలిన షీటు ముక్కల గుట్ట మీదకి తోసేశాను.

మర్నాడు పిన్ని వచ్చేసరికి షాపులో నలుగురున్నారు. అచ్చు చేతికిచ్చాను. వెలుతురుకి ఎత్తి చూసింది. మైలార్ షీటు గాజులా అవతలికి కనపడుతుంది, అటూ ఇటూ ఒకటే.

“తిరగేసి పట్టుకున్నావు పిన్నీ,” అని నవ్వాను. షాపులో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

ఆమె దాన్ని సరిగ్గా తిప్పుకుంది. “బాగుందిలే,” అని సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మూడో రోజు పొద్దున్నే మళ్ళీ వచ్చింది, చంకలో మడత పెట్టిన ఖాళీ గోతం. షాపులో ఇద్దరుంటే బయట ఎరువుల కొట్టు మెట్ల మీద కూర్చుంది. వాళ్ళు వెళ్ళాక లోపలికి వచ్చి గోతం పరిచింది. దాని మీద నా అందమైన అక్షరాలు నీలం రంగులో మెరుస్తున్నాయి.

“ఇది నా పేరు కాదమ్మా,” అంది.

తప్పు పడిందేమోనని గబగబా చూశాను. అక్షరం పొల్లుపోలేదు. “నీ పేరే పిన్నీ. అంజమ్మ.”

“చదువొచ్చినోళ్ళకి అయితదేమో. నాకు కాదు.” గోతం అంచు సర్దుతూ చెప్పింది. “నాకు అచ్చరాలు రావు. మీ బాబాయి కొట్టిన రేకు చూసీ చూసీ నా పేరు గుర్తుపెట్టుకున్నా. ఇటు ఒక ముక్క, మజ్జెన ఖాళీ, అటు గుంపు. నిన్న సాయంత్రం కల్లంలో అందరి సంచులూ ఒకచోట ఏశారు. అన్నీ ఒకటే మాదిరి ఉండయ్. ఏవి నాయో నాకు తెలవలా.”

“మరి నిన్ననే చెప్పొచ్చు కదా పిన్నీ,” అన్నాను.

“నలుగురున్నారు కదమ్మా.”

తిరగేసి పట్టుకున్నావని నేను నవ్విన నవ్వు అప్పుడు గుర్తొచ్చి చచ్చేంత సిగ్గేసింది.

తర్వాత అసలు సంగతి చెప్పింది. మర్నాడు పొద్దున లారీ. భర్త ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ లారీతో పాటు గుంటూరు వెళ్ళి, హమాలీలు దించేటప్పుడు పక్కన నిలబడి తమ టిక్కీలు వేరు చేయించేవారు. నిరుడు ఆమె ఒక్కతే వెళ్ళింది. ఈ ఏడు మరిది కొడుకు శ్రీను, “నీకెందుకు పెద్దమ్మా శ్రమ, నేను చూసుకుంటాలే” అని మొదలుపెట్టాడు. మంచివాడే. కానీ చూసుకోవడం మొదలైతే అది టిక్కీలతో ఆగదని ఆమెకి తెలుసు. పంట, విత్తనం, పొలం, అన్నీ అతనే చూసుకుంటాడు.

“అక్కడ నిలబడి నా టిక్కీ ఏదో నాకే తెలవకపోతే, ఇంక వాడి మాటే నిజమైతది గదా,” అంది.

అప్పుడు నాకు మా చిన్నప్పటి కల్లాలు గుర్తొచ్చాయి. బడికి వెళుతూ, ఎండబోసిన కాయల ఘాటుకి తుమ్ముకుంటూ, పేర్చిన టిక్కీల పక్కగా నడిచేవాళ్ళం. ఒక ఇంటి ‘రా’ ముందుకు తూలుతున్నట్టు ఉండేది. ఇంకో ఇంటి ‘య’కి పొట్ట ఉబ్బి ఉండేది. మేం ఒకటో తరగతి పిల్లలం, చదవడం సరిగ్గా రాకపోయినా ఎవరి టిక్కీలో చెప్పేవాళ్ళం. రేకు కొట్టినవాళ్ళ చెయ్యి ఎలా ఉంటే మార్కా అలా ఉండేది. ఆ రోజులంటే నాకు ఎంతో ఇష్టమని అందరితో చెప్పేదాన్నే, వాటిని ఊరి మొత్తం మీద ఒకే ఫాంటుతో తుడిచేసిందీ నేనే.

రేకు కోసం బల్ల కింద దూరాను. చెత్త తీసి వారం అయింది, నా బద్ధకం పుణ్యమా అని అక్కడే ఉంది. పిన్ని దాన్ని చీర కొంగుతో తుడిచింది. తెల్ల కాగితం మీద పెట్టి రంగు అద్ది, ఆ కాగితాన్ని స్కాన్ చేశాను. విరిగిన పట్టీ దగ్గర రంగు కారి ముద్దయింది, అక్కడ మాత్రం మౌసుతో గీత గీసుకుంటూ పోవాలి. పిన్ని కుర్చీ నా పక్కకి జరుపుకుంది.

“ఈ వత్తు కాస్త నిలబెట్టనా?” అని అడిగాను. పాత అలవాటు అంత తొందరగా పోతుందా.

“దాన్ని ముట్టుకోమాక. అది అట్టా వాలే ఉంటది.”

“ఇంత ఖాళీ ఎందుకు వదిలాడు బాబాయి?”

నవ్వింది. షాపులోకి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. “వదల్లేదమ్మా. నా పొలం కాయ నా పేరుతోనే పోవాలని జెప్పి డబ్బా రేకు ముందేసుకుని కూసున్నాడు. మంచి పక్కలన్నీ చెడగొట్టాడు. ఆఖరికి అతుకున్న ముక్కే మిగిలింది. అతుకు మీద ఉలి దిగదు గదా. ఇటు కొంత కొట్టి, అతుకు దాటి అటు కొంత కొట్టాడు. అటు చోటు చాల్లేదు, ఇరికించాడు. నేను పక్కన కూసుని ఒకటే నవ్వు. నవ్వుతావేందే, ఇక ఎక్కడున్నా నీ సంచి తప్పిపోదులే అన్నాడు.”

ఆమె కళ్ళు తుడుచుకోలేదు, నేనే తుడుచుకున్నాను. అతుకు గుర్తు రేకు మీద అప్పటికీ నిలువు గీతలా ఉంది. అది చూడకుండానే ఆ ఖాళీని తప్పు అనుకున్నాను.

అసలు కొలతలో మార్కా పన్నెండు అంగుళాలు దాటింది. చిన్నది చేద్దామా అంటే పిన్ని ఒప్పుకోలేదు. తెర మీదకి చెయ్యి చాపి, నాలుగు వేళ్ళూ ఆ ఖాళీలో పెట్టి చూసి, “పట్టాల,” అంది. నా దగ్గర రెండడుగుల పొడుగు మ్యాట్ ఒకటి జిగురు పోయి మూలన పడుంది. షీటు అంచులన్నీ టేపుతో అంటించి, మార్కాని పొడుగువారగా తిప్పి, బ్లేడుని మూడుసార్లు నడిపించాను. షీటు కదిలితే మొత్తం పోతుంది. కోత అయిందాకా నేను ఊపిరి బిగబట్టాను, పిన్ని కూడా. బ్రిడ్జిలు మాత్రం విరిగినవాటి కన్నా కాస్త లావుగా పెట్టాను. నా పనితనం అంతవరకే.

గుమ్మం ముందు గోతం బోర్లా తిప్పి పరిచి, ఆమే రంగు అద్దింది. షీటు ఎత్తి, రెండడుగులు వెనక్కి వెళ్ళి చూసింది. ఇంకో నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, రోడ్డు అవతల నిలబడి చూసింది.

“ఇది నేను,” అంది.

వారం తర్వాత వచ్చి గుంటూరు సంగతి చెప్పింది. ఆ సాయంత్రమే చదువొచ్చిన పిల్లాడి చేత కల్లంలో తన టిక్కీలు ఏరించి, వాటి రెండో పక్క కొత్త మార్కా వేసుకుందట. లారీ దించుతుంటే శ్రీను ఒక్కో టిక్కీ దగ్గరికీ వెళ్ళి పేరు వంగి చదువుకుంటున్నాడట. ఈమె గేటు దగ్గర నిలబడే, “అది నాది, దాని కిందది నాది, ఆ మూలది నాదే” అని హమాలీలకి చెప్పుకుంటూ పోయిందట. ఒక్కటీ తప్పు పోలేదు. తిరిగొచ్చేటప్పుడు శ్రీను, “వచ్చే ఏడు నా కాయ కూడా నువ్వే దింపించి పెట్టు పెద్దమ్మా” అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో గర్వం దాచుకోలేదు.

నాకు సంతోషమే గానీ, నేను పడేయమన్న రేకులు గుర్తొచ్చాయి. ఆ ఊళ్ళో అచ్చులు చేయించుకున్న మిగతా ఇళ్ళకి ఫోన్లు చేశాను. పాత రేకులు తెస్తే అచ్చం అలాగే చేసిస్తానన్నాను. రెండు ఇళ్ళలో దొరికాయి. మిగతావి పాత ఇనపసామాను బండెక్కి వెళ్ళిపోయాయి. ఒక పెద్దాయన, “నువ్వే గదమ్మా పడెయ్యమంది,” అన్నాడు, కోపం లేకుండానే. మా నాన్న కొట్టింది అది, అని కూడా అన్నాడు. ఆ రేకులు కొట్టిన చేతులు ఇప్పుడు లేవు. వాటిని ఏ ఫాంటులోనూ వెతికి తేలేను.

ఇప్పుడు ఎవరు పాత అచ్చు తెచ్చినా ముందు దాన్ని కాగితం మీద అద్ది దాచుకుంటాను. ఒక్క సందు కూడా జరపక ముందే, “దీన్ని చూసి గుర్తుపట్టాల్సింది ఎవరు?” అని అడుగుతాను. కానీ ఆ ప్రశ్న షాపులో నలుగురు ఉండగా అడగను. వాళ్ళు వెళ్ళిందాకా వేరే పనేదో ఉన్నట్టు కూర్చుంటాను.