మైకు దించేసే అక్క

స్త్రీని, పురుషుణ్ణి తన స్వరూపంలోనే సృజించిన దేవునికి స్తోత్రం.

మా చర్చిలో ఒక అక్క ఉండేది, ఏలూరు లోకల్ ఛానెల్ రిపోర్టరు. ఆడవాళ్లను అడిగిన ప్రశ్నకు మగవాళ్లు జవాబిస్తే, మైకు కిందికి దించేసి నవ్వుతూ నిలబడేది.

గణపవరంలో చేపల రైతుల సంఘం అధ్యక్ష పదవికి ఒకావిడ పోటీచేస్తుంటే, అక్కతో నేనూ వెళ్లాను. ప్రశ్న ఆవిడకు, జవాబు భర్తది. మైకు దిగిపోయింది.

"చెబుతున్నాను కదండీ!"

"పోటీ మీరు చేయట్లేదు కదండీ. వదినగారూ, మీరు చెప్పండి."

ఆవిడ తడబడుతూ మొదలుపెట్టింది. "గాలందక చేపలు పైకి తేలితే చెరువుకి పరిగెత్తేది నేనేనండీ. సంఘాన్నీ చూసుకోగలను!"

"ఇంట్లో ఇంత గట్టిగా మాట్లాడదండీ," అన్నాడు భర్త.

"ఇంట్లో మైకు ఎవరిస్తారండీ?" అంది అక్క.

ఆ సాయంత్రం టీవీలో రైతులు ఆవిడ మాటే విన్నారు. తర్వాత ఎన్నికలో ఆవిడే గెలిచింది.

ఈరోజు ఎక్కడో ఒక చెల్లెలు మొదటిసారి నలుగురిలో నోరు విప్పబోతుంటుంది. ప్రభువు ఆమెకు ధైర్యమివ్వాలని నాతోపాటు ప్రార్థించండి.