నానమ్మ చదవగలిగిన ఒక్క మాట

ఇవాళ బజ్జీలు చుట్టిచ్చిన తెలుగు పేపర్లో ఎవరిదో శ్రద్ధాంజలి ఫోటో ఉంది. పారేయబుద్ధి కాలేదు.

మనవాళ్లు సొంతూళ్లు వదిలి గని పనికొచ్చిన కిరండూల్ క్వార్టర్లలో నాతో పెరిగినవాళ్లూ, మా నానమ్మ గుర్తుందా? ఆమెకు చదువు రాదు. ‘కిరండూల్’ అన్న ఒక్క మాటను మాత్రం నాతో పలక మీద రాయించుకుని గుర్తుపట్టడం నేర్చుకుంది. విశాఖ రైల్లో పేపరొస్తే, చనిపోయినవాళ్ల ప్రకటనల్లో బంధువుల పేర్ల పక్కన ఆ మాట వెతికేది. కనబడితే, పోయినవాళ్ల సొంతూరు కూడా ఉండే ఆ ముక్కను కత్తిరించి బిస్కట్ల డబ్బాలో దాచేది.

"ఎందుకే?" అంటే, "మనోళ్లది ఏ ఊరో రేపు పిల్లలు అడగరేటి?" అనేది.

నిరుడు పక్క క్వార్టరు అమ్మాయి అడిగింది. ముత్తాత ఊరు వాళ్లింట్లో ఎవరికీ తెలియదు. మా డబ్బాలోని ఒక ప్రకటనలో దొరికింది, ఆయన అన్నదమ్ముల పేర్లతో సహా!

నానమ్మ పోయినప్పుడు ప్రకటన నేనే వేయించాను. అందులో ‘కిరండూల్’ అన్నది అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆమె చదవగలిగింది అదొక్కటే కదా.